ఆఫీసుకి నలుగురూ ఒకే కారులో: విశాఖలో కార్ పూల్ మొదలుపెట్టడం, నిలబెట్టుకోవడం ఎలా

ఉదయం ఎనిమిదిన్నరకి హనుమంతవాక దగ్గర సిగ్నల్ పడినప్పుడు ఆగిన కార్లలోకి ఓసారి చూడండి. చాలా కార్లలో డ్రైవ్ చేసే మనిషి ఒక్కరే ఉంటారు. పక్క సీటులో లంచ్ బ్యాగు, వెనక సీటు ఖాళీ. ఆ కార్లలో చాలామటుకు వెళ్ళేది ఒకే రోడ్డు మీద, ఒకే వైపు.

మన ఊరు కట్టుబడే అలాంటిది. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క కొండలు. మధ్యలో ఊరంతా పొడవుగా సాగింది. దానికి వెన్నెముక లాంటిది జాతీయ రహదారి 16. కొమ్మాది, మధురవాడ, ఎండాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, తాటిచెట్లపాలెం, ఎన్.ఎ.డి., షీలానగర్, గాజువాక, కూర్మన్నపాలెం అన్నీ దాని మీదే వరసగా ఉంటాయి. ఉద్యోగాలు ఆ చివరా ఈ చివరా ఉన్నాయి. ఉత్తరాన రుషికొండ ఐటీ కొండలు, దక్షిణాన స్టీల్ ప్లాంట్, దువ్వాడ సెజ్, ఇంకాస్త ముందుకెళ్తే పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం. హైదరాబాద్‌లోలాగా నాలుగు దిక్కులకీ చెదిరిపోయిన రూట్లు ఇక్కడ తక్కువ. అందుకే కార్ పూల్‌కి ఇంత అనువైన ఊరు మన రాష్ట్రంలో ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

అయినా చాలా పూల్‌లు రెండు నెలలకే ఆగిపోతాయి. ఆగేది పెట్రోల్ డబ్బు దగ్గర అనుకుంటారు గానీ, ఎక్కువసార్లు ఆగేది ఎదురుచూపుల దగ్గర. ఒకరు రోజూ ఆలస్యం చేస్తారు, మిగతావాళ్ళు మొహమాటానికి ఏమీ అనరు, లోపల మాత్రం చిరాకు పెరుగుతూ ఉంటుంది. ఒకరోజు ఎవరో "రేపట్నుంచి నేను బండి మీద వచ్చేస్తానండీ" అంటారు. అక్కడితో సరి. కాబట్టి ఈ మార్గదర్శిలో సమయం గురించే ఎక్కువ చెప్తాను.

మొదట మనుషుల్ని ఎంచుకోవడం

స్నేహితులతో మొదలుపెట్టాలని అందరికీ అనిపిస్తుంది. నేనైతే ముందు షిఫ్ట్ చూడమంటాను, తర్వాత జంక్షన్, ఆ తర్వాతే స్నేహం. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది అంటూ షిఫ్టులు నడిచే ఫ్యాక్టరీల్లో పూల్ కుదర్చడం తేలిక, ఎందుకంటే దిగే టైము అందరికీ ఒకటే. షిఫ్ట్ మారినా నలుగురికీ ఒకేసారి మారేలా ఉంటే చాలు. ఐటీ వాళ్ళకి పొద్దున్న కలుస్తుంది, సాయంత్రం కలవదు. ఒకరికి ఆరింటికి పని అయిపోతే ఇంకొకరికి అప్పుడే క్లయింట్ కాల్ మొదలవుతుంది. అలాంటివాళ్ళు పొద్దుటి ప్రయాణానికే పూల్ పెట్టుకోవచ్చు. సగం రోజు పూల్ కూడా పూలే.

ఎంతమంది అంటే, డ్రైవ్ చేసేవాళ్ళతో కలిపి ముగ్గురితో మొదలుపెట్టండి. నాలుగోవారిని నెల తర్వాత చేర్చుకోవచ్చు. ఐదుగురు వద్దు. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో వెనక ముగ్గురు ఇరుక్కుని గంటకి పైగా కూర్చుంటే, ఆఫీసు చేరేసరికే ఒంట్లో ఓపిక అయిపోతుంది.

ఒక సున్నితమైన విషయం. మీ మేనేజరునో, మీ కింద పనిచేసేవాళ్ళనో పూల్‌లో కలుపుకోకపోవడమే మంచిది. కారులో "సార్" ఉన్నారంటే ఆయన ఆలస్యమైనా ఎవరూ వదిలేసి వెళ్ళలేరు, వాటా అడగలేరు, నోరు విప్పి మాట్లాడలేరు. ఆయనకీ ఇబ్బందే. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళయితే ఈ బాధ ఉండదు. పైగా కారులో మీ సెక్షన్ గొడవల మీద చర్చ కూడా తగ్గుతుంది.

అడగడం ఎలా? ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగితే కాదనడానికి మొహమాటపడతారు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఇలాంటి మెసేజ్ ఒకటి పెట్టండి:

"కొమ్మాది నుంచి దువ్వాడ సెజ్‌కి సోమ నుంచి శుక్ర వరకు ఉదయం 7.30కి కారులో బయల్దేరతాను. హైవే మీదుగా, ఎన్.ఎ.డి., గాజువాక రూటు. ఇద్దరికి చోటుంది. కార్‌షెడ్, ఎండాడ, హనుమంతవాక, మద్దిలపాలెం దగ్గర ఎక్కించుకోగలను. సాయంత్రం 6.10కి గేటు దగ్గర తిరుగు ప్రయాణం. పెట్రోల్ ఖర్చు పంచుకుందాం. కావాలనుకున్నవాళ్ళు నాకు విడిగా మెసేజ్ పెట్టండి."

రూటు, టైము, ఎన్ని సీట్లు, ఖర్చు సంగతి అన్నీ ఇందులో ఉన్నాయి. "విడిగా" అన్న మాట కూడా అవసరమే. గ్రూపులో అందరి ముందూ సరే అని, తర్వాత వెనక్కి తగ్గలేక ఇబ్బందిపడే పని ఉండదు.

కాగితాలు: ఒక సాయంత్రం కూర్చుని చూసుకోవాల్సిన పని

తెల్ల నంబర్ ప్లేటు ఉన్న సొంత కారులో కిరాయికి మనుషుల్ని ఎక్కించుకోకూడదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 66వ సెక్షన్ ప్రకారం దానికి పర్మిట్ ఉండాలి. పర్మిట్ లేకుండా తిప్పితే 192ఎ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉన్నాయి. తోటి ఉద్యోగులు కలిసి వెళ్తూ పెట్రోల్ ఖర్చు పంచుకోవడం వేరు, సీటుకి ఇంత అని లాభం చూసుకుని వసూలు చేయడం వేరు. ఈ గీత దాటకుండా చూసుకోవడం కారు యజమాని బాధ్యత. అందుకే నలుగురూ ఇచ్చిన డబ్బు కలిపితే ఆ రోజు అసలు ఖర్చుని మించకూడదు. కారు ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటే వారానికొకరు తమ కారు తీయడం ఇంకా మేలు. అప్పుడు డబ్బు చేతులు మారే పనే ఉండదు.

తర్వాత ఇన్సూరెన్స్. మీ పాలసీ కాగితం తీసి, కారుని దేనికి వాడొచ్చో చెప్పే పేరా చదవండి. ప్రైవేట్ కారు పాలసీలో కిరాయికి వాడకూడదని స్పష్టంగా ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, మీది వట్టి థర్డ్ పార్టీ పాలసీయా (బయటివాళ్ళకి జరిగే నష్టానికే వర్తించేది), కాంప్రహెన్సివ్ పాలసీయా (మీ కారు నష్టానికి కూడా వర్తించేది) అన్నది చూడండి. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే, ప్రమాదంలో మీ కారులో కూర్చున్న స్నేహితులకి దెబ్బలు తగిలినప్పుడు బీమా కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఉంది. కాంప్రహెన్సివ్ పాలసీలో కారులో ఉన్నవాళ్ళ విషయంలో యజమానికి ఉండే బాధ్యత కూడా కవర్ అవుతుంది. ఓనర్-డ్రైవర్‌కి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఎలాగూ ఉండాల్సిందే. మిగతా సీట్లలో కూర్చునేవాళ్ళకి కూడా అలాంటి కవర్ కొద్దిపాటి ప్రీమియం అదనంగా కట్టి తీసుకోవచ్చు. రెన్యువల్ అప్పుడు ఏజెంట్‌ని "అన్‌నేమ్డ్ ప్యాసింజర్స్‌కి (పేర్లు రాయని ప్రయాణికులకి) పి.ఎ. కవర్ కలపండి" అని అడిగితే చాలు. ఆ ప్రీమియం నలుగురూ పంచుకోవడం న్యాయం.

కాంప్రహెన్సివ్ పాలసీ లేని కారుతో పూల్ మొదలుపెట్టకండి. ఎక్కేవాళ్ళు కూడా ఈ మాట అడగడానికి మొహమాటపడొద్దు. "పాలసీ ఒకసారి చూపిస్తారా అండీ" అంటే తప్పేమీ లేదు. ఇంట్లో పిల్లలున్న మనుషులం. లైసెన్స్, ఆర్సీ, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజిలాకర్‌లో పెట్టుకుంటే ఎక్కడ ఆపినా చూపించొచ్చు.

సీటు బెల్టు వెనక కూర్చునేవాళ్ళకీ తప్పనిసరి. పెట్టుకోకపోతే 194బి సెక్షన్ కింద 1,000 రూపాయలు పడుతుంది. కార్ల వెనక సీట్లలో బెల్టు బకిల్ సీటు కిందకి జారిపోయి కనపడదు. పూల్ మొదలయ్యే ముందు ఆదివారం నాడు వాటిని పైకి తీసి, మూడూ పడుతున్నాయో లేదో చూసి పెట్టండి. సోమవారం పొద్దున్న వెతుక్కునే పని ఉండదు.

రూటు, ఎక్కే చోట్లు

పూల్‌లో చేరినవాళ్ళందరి ఇంటి ముందుకీ కారు వెళ్ళకూడదు. ఈ ఒక్క నియమం రోజూ ఇరవై నిమిషాలు మిగులుస్తుంది. కారు హైవే దిగకూడదు, మనమే హైవే దగ్గరికి రావాలి. పి.ఎం. పాలెం లోపల ఉండేవాళ్ళు కార్‌షెడ్ దాకా, ఆరిలోవ వాళ్ళు హనుమంతవాక దాకా, ఎం.వి.పి. కాలనీ వాళ్ళు ఇసుకతోట దాకా నడిచో, ఆటోలోనో రావాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, గర్భిణులు ఉంటే మినహాయింపు ఇవ్వండి. అది అందరూ ఒప్పుకునే ఇచ్చినట్టు ఉండాలి.

ఎక్కే చోటు "హనుమంతవాక" అని చెప్తే చాలదు. సిగ్నల్‌కి ఇవతలా, అవతలా? గాజువాక వైపు వెళ్ళేటప్పుడు రోడ్డుకి ఎడమ పక్కన, సిగ్నల్ దాటాక, బస్సులు ఆగే చోటుని వదిలి కాస్త ముందు అని ఖాయం చేసుకోండి. సిగ్నల్‌కి ముందు ఆపితే వెనక హారన్లు మోగుతాయి, గ్రీన్ పడే టైముకి మనిషి ఇంకా తలుపు దగ్గరే ఉంటారు. బస్ స్టాప్‌లో ఆపితే సిటీ బస్సు వెనక నించుంటుంది. ఒకరోజు సెలవు నాడు అందరూ కలిసి వెళ్ళి ఆ చోట్లు చూసి, లొకేషన్ పిన్ గ్రూపులో పెట్టుకుంటే మళ్ళీ ఎవరూ "ఎక్కడున్నారు, ఎక్కడున్నారు" అని ఫోన్లు చేసుకోరు. డ్రైవ్ చేసే మనిషికి ఫోన్ రాకుండా ఉండటమే పెద్ద భద్రత.

ఇంకోమాట. షీలానగర్ దగ్గర నుంచి పోర్టు లారీలు, కంటైనర్ ట్రైలర్లు కలుస్తాయి. అక్కడ ఎవరినీ ఎక్కించుకునే ఏర్పాటు పెట్టుకోకండి. ఎన్.ఎ.డి.కి ముందే అందరూ ఎక్కిపోవాలి, లేదంటే గాజువాకలో రోడ్డు పక్కన చోటున్న దగ్గర చూసుకోవాలి.

టైము: అసలు సంగతి ఇక్కడే

టైమ్‌టేబుల్‌ని వెనక నుంచి కట్టండి. గేటు దగ్గర పంచ్ చేయాల్సింది తొమ్మిదికి అయితే, 8.50కి చేరాలి. గూగుల్ మ్యాప్స్‌లో "ఎప్పటికి చేరాలి" అని టైము పెడితే ఎప్పుడు బయల్దేరాలో చెప్తుంది. దాన్ని వారంలో మీ దారిలో రద్దీ ఎక్కువుండే రోజుకి పెట్టి చూడండి. అది చెప్పిన టైము కంటే పది నిమిషాలు ముందే బయల్దేరేలా పెట్టుకోండి. అక్కణ్ణించి ఒక్కో జంక్షన్‌కి టైము రాసుకోండి: కార్‌షెడ్ ఇన్నింటికి, ఎండాడ ఇన్నింటికి, మద్దిలపాలెం ఇన్నింటికి.

ఇక నియమం. కారు వచ్చాక మూడు నిమిషాలు ఆగుతుంది. నాలుగో నిమిషంలో కదులుతుంది. ఎవరైనా సరే.

ఇది కటువుగా అనిపించొచ్చు. కానీ కార్‌షెడ్ దగ్గర పోయిన ఐదు నిమిషాలు ఎన్.ఎ.డి. దగ్గరికి వచ్చేసరికి పదిహేను అవుతాయి, ఎందుకంటే ఒక్కో సిగ్నల్ దగ్గరా ముందున్న బండ్ల వరస పెరుగుతూ పోతుంది. ఒకరి ఆలస్యానికి ముగ్గురి జీతంలో లేట్ మార్క్ పడటం న్యాయం కాదు. మూడు నిమిషాల నియమం ఉంటే వదిలేసి వెళ్ళినందుకు ఎవరి మీదా కోపం రాదు, ఎందుకంటే వెళ్ళింది నియమం ప్రకారమే. నియమం లేకపోతే అదే పని అవమానంగా తోస్తుంది.

వదిలేసి వెళ్ళడాన్ని తేలిక చేసే మాటలు ముందే ఒప్పుకోండి. ఆలస్యమవుతుందని తెలిసిన మనిషే ముందుగా "మీరు వెళ్ళిపోండి, నేను బస్సులో వచ్చేస్తా" అని గ్రూపులో పెట్టాలి. ఆ మెసేజ్ వచ్చాక డ్రైవ్ చేసేవాళ్ళు "పర్లేదండీ, ఆగుతాం" అనకూడదు. ఒక్కసారి ఆగితే ఆ మర్నాడు అందరూ ఆగుతారనే అనుకుంటారు. రేపు రానని రాత్రి తొమ్మిదిలోపు చెప్పాలి. డ్రైవ్ చేసేవాళ్ళకి ఒంట్లో బాగోకపోతే తెల్లవారి ఆరుంపావు కల్లా చెప్పాలి, మిగతావాళ్ళకి బస్సు పట్టుకునే వ్యవధి ఉండాలి కదా. హైవే మీద తిరిగే 222, 400 నంబర్ల బస్సులు మనకి ఎప్పుడూ ఉండే రెండో దారి.

బయల్దేరేటప్పుడు డ్రైవ్ చేసేవాళ్ళు వాట్సాప్‌లో గంటసేపటికి లైవ్ లొకేషన్ ఆన్ చేస్తే చాలు. ఎక్కేవాళ్ళు దాన్ని చూసుకుని కారు వచ్చే రెండు నిమిషాల ముందే రోడ్డు మీద ఉంటారు.

సాయంత్రం ఇంకా కష్టం. "ఒక్క ఐదు నిమిషాలు, వచ్చేస్తున్నా" అన్నది ఎప్పుడూ ఐదు నిమిషాలు ఉండదు. తిరుగు ప్రయాణానికి పది నిమిషాలు ఆగుదామని పెట్టుకోండి. ఆ తర్వాత కారు వెళ్ళిపోతుంది. పని ఉందని ముందే తెలిస్తే నాలుగింటికే చెప్పేయండి.

డబ్బు

రానూపోనూ 50 కిలోమీటర్లు, కారు లీటరుకి 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. రోజుకి సుమారు 3.3 లీటర్లు. లెక్క కోసం లీటరు 110 రూపాయలు అనుకుంటే 367 రూపాయలు. నలుగురు పంచుకుంటే తలా 92. నెలలో 22 రోజులకి ఒక్కరే వెళ్తే 8,070 దాకా అయ్యేది, నలుగురైతే తలా 2,020 లోపు.

కారు ఎప్పుడూ ఒకరిదే అయితే ఆయన టైర్లు అరుగుతాయి, సర్వీసింగ్ ఖర్చు ఆయనదే, క్లచ్ తొక్కేదీ ఆయనే. అలాంటప్పుడు పెట్రోల్‌ని మిగతా ముగ్గురే పంచుకోవడం సబబు: తలా 122. మొత్తం ఇంకా పెట్రోల్ ఖర్చుని దాటలేదు కాబట్టి కిరాయి అన్న మాట రాదు. టోల్, పార్కింగ్ ఉంటే అవి అందరికీ సమానం.

మధ్యలో ఎక్కేవాళ్ళకి కిలోమీటర్ల లెక్క వేసి పైసలతో సహా పంచడం మొదలుపెడితే మనసులు చిన్నబుచ్చుకుంటాయి. రెండే రేట్లు పెట్టండి: మద్దిలపాలెం కంటే ముందు ఎక్కేవాళ్ళకి ఒకటి, అక్కడా ఆ తర్వాతా ఎక్కేవాళ్ళకి ఒకటి. సెలవు పెట్టినవాళ్ళు రాత్రి తొమ్మిదిలోపు చెప్తే ఆ రోజు వాటా లేదు, చెప్పకపోతే ఉంది. ఒకరు రానంత మాత్రాన మిగతావాళ్ళ వాటా పెంచకండి. ఆ సీటు భారం కారు తీసినవాళ్ళే మోయాలి, ఎలాగూ వాళ్ళు ఆ దారిన వెళ్ళేవాళ్ళే కదా. రోజూ వసూలు చేయొద్దు. ఎవరు ఏ రోజు వచ్చారో గ్రూపులో రాసుకుని, నెలాఖరున యూపీఐలో ఒకేసారి పంపండి. పెట్రోల్ రేటు మారితే నెల మొదట్లోనే కొత్త లెక్క వేయండి, మధ్యలో వద్దు.

డబ్బు ఒక్కటే లాభం కాదు. లీటరు పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నలుగురు ఒక కారులో వెళ్తే మూడు కార్లు ఇంట్లోనే ఉంటాయి, పైన వేసిన లెక్కలో రోజుకి దాదాపు 23 కిలోలు తగ్గుతుంది. లారీలు, ఫ్యాక్టరీల మధ్య బతికే గాజువాక లాంటి చోట గాలికి ఆ మాత్రం సాయం చేయాలి.

కారులో

ఏసీ ఎంత, పాటలు ఎవరివి అన్నవి మొదటి రోజే తేల్చేసుకోండి. ఫోన్ మాట్లాడాలంటే చిన్నగా, క్లుప్తంగా. స్పీకర్ పెట్టొద్దు. పొద్దున్న ఎవరైనా కళ్ళు మూసుకుని పడుకోవాలనుకుంటే మాట్లాడించకండి. కారులో విన్న ఇంటి కష్టం ఆఫీసులోకి రాకూడదు. డ్రైవ్ చేసేవాళ్ళని స్పీడుగా పోనిమ్మని ఎవరూ తొందరపెట్టకూడదు. వాళ్ళు స్పీడుగా వెళ్తుంటే మాత్రం ఎవరైనా సరే "కొంచెం నెమ్మదిగా అండీ" అనొచ్చు, అన్నాక తగ్గించాలి.

ఆడవాళ్ళు ఉన్న పూల్

కొత్తగా చేరే మహిళా ఉద్యోగి ముందుగా అడగాల్సింది పూల్‌లో ఎవరెవరున్నారని. ఆ సమాధానం చెప్పకుండా రమ్మనకండి. వీలైతే ఇద్దరు ఆడవాళ్ళు ఉండేలా చూడండి. ఎవరు ఏ సీటులో కూర్చోవాలన్నది వాళ్ళ ఇష్టం. కారు నంబరు, డ్రైవ్ చేసేవాళ్ళ ఫోన్ నంబరు ఇంట్లోవాళ్ళకి ఇవ్వడం, లైవ్ లొకేషన్ ఇంటికి పెట్టడం మామూలు పద్ధతిగా ఉండాలి, ఎవరూ తప్పుపట్టకూడదు. సాయంత్రం చీకటి పడితే చివరిగా దిగే మనిషి ఆమె కాకుండా రూటు చూసుకోండి, అలా కుదరకపోతే ఇంటి సందు చివరిదాకా దింపండి. అత్యవసరానికి 112 అందరి ఫోన్లోనూ ఉండాలి.

రాత్రి షిఫ్ట్ అయితే ఆడవాళ్ళకి రవాణా ఏర్పాటు చేయడం కంపెనీ బాధ్యత. "మీకు పూల్ ఉంది కదా" అని ఆఫీసు తన క్యాబ్‌ని ఆపేస్తానంటే ఒప్పుకోవద్దు.

వానలు, తుపాన్లు, జాతర్లు

అక్టోబరు, నవంబరు మనకి తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజు కారు తీయాలా వద్దా అన్నది డ్రైవ్ చేసేవాళ్ళ నిర్ణయం. ఇంకెవరూ ఒత్తిడి చేయకూడదు. రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్ళు నిలిస్తే ఎంత లోతుందో చూద్దాం అనుకోకుండా వెనక్కి తిప్పేయాలి.

ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్ల దారిలో హనుమంతవాక, ఎన్.ఎ.డి., గోపాలపట్నం అన్నీ వస్తాయి, మన హైవే రూటు ఎన్నో చోట్ల దాన్ని తాకుతుంది. ఆ రోజుకి పోలీసులు ట్రాఫిక్ మళ్ళింపులు ముందే ప్రకటిస్తారు. వాటిని చూసి, వర్క్ ఫ్రమ్ హోమ్ కుదిరితే పెట్టుకోవడమే మేలు.

మొదటి రెండు వారాలు, ఆ తర్వాత

మొదటి రెండు వారాలు ట్రయల్ అని చెప్పే మొదలుపెట్టండి. రెండో శుక్రవారం తిరుగు ప్రయాణంలో కారు ఆపి, టీ తాగుతూ మూడు ప్రశ్నలు అడగండి: టైము కుదిరిందా, వాటా సరిపోయిందా, ఎవరికైనా ఏదైనా ఇబ్బంది ఉందా? ఇబ్బంది పెట్టే మనిషి ఎదురుగానే ఉంటే ఎవరూ చెప్పరు కాబట్టి, మూడో ప్రశ్నకి సమాధానం విడిగా మెసేజ్ పెట్టమనండి. ట్రయల్‌లో ఆగిపోయినవాళ్ళని కారణం అడగకండి.

ఎవరికైనా ట్రాన్స్‌ఫర్ వచ్చినా, ఇల్లు మారినా, పూల్ వదలాలనుకున్నా రెండు వారాల ముందు చెప్పాలి. అప్పుడే కొత్త మనిషిని వెతకడానికి టైము ఉంటుంది. వెళ్ళేవాళ్ళ లెక్క ఆ నెలాఖరు దాకా ఆపకుండా చివరి రోజునే తేల్చేయండి. వాళ్ళ ఇంటివైపే ఉండేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అడిగితే, చాలాసార్లు ఖాళీ అయిన సీటుకి మనిషిని చూపించేది వాళ్ళే.